టీచరమ్మ పట్టుకుంటానన్న మాట

...అందుకే బుధవారం పొద్దున తొమ్మిదింటి దాకా నాకు టీచరమ్మ మీద కోపంగానే ఉంది. బస్సెక్కినప్పటి నుంచీ ఏడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. కాలేజీ బస్సు చేవెళ్ల దాటాక ఎనిమిదోసారి చేస్తే వాళ్ల అమ్మాయి ఎత్తింది. "అమ్మ పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ పెట్టుకొని అరుగు మీద కూసున్నది. అట్లనే ఒరిగిపోయింది" అని చెప్పింది. నేను "సరే ఆంటీ, మళ్ల చేస్త" అని ఫోన్ పెట్టేశాను. మళ్ల చేస్త అన్నాను! పోయిన మనిషి ఇంటికి. బస్సులో పక్కనున్న అమ్మాయి ఏమైందని అడిగితే ఏమీ కాలేదన్నాను.

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపేశాను. రేపు ఆదివారం ఆమె జ్ఞాపకార్థ కూడిక. అందులో చదవడానికి ఒక పేజీ రాసిమ్మని పాస్టరుగారు అడిగారు. అది రాసేశాను. టేబుల్ మీదే ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఇవి వేరే పేజీలు. వీటిని ఎవరు చదువుతారో నాకు తెలీదు. చదివే మీరు మా ఊరు చిన్న మంగళారం వాళ్లు కాకపోతే చాలు.

టీచరమ్మ ముడిమ్యాల సర్కారు బడిలో పనిచేసి రిటైరయ్యారు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. మా చర్చిలో సండే స్కూలు ఆమెదే. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఈ తెలుగు ఇలా రాయగలుగుతున్నానంటే ఎనిమిదేళ్లు ప్రతి శనివారం ఆమె నన్ను కూర్చోబెట్టి ఒక పేజీ రాయించడం వల్లే. తప్పు ఉంటే దిద్దేవారు కాదు. ఆ పదం కింద గోటితో గీత గీసి, నేనే కనిపెట్టేదాకా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునేవారు.

ఆమె మెడలో దారానికి ఒక భూతద్దం వేలాడుతుండేది. ఏ కాగితమైనా కిందనుంచి పైకి చదివేవారు. మందు బిళ్లల అట్ట, కరెంటు బిల్లు, చివరికి పెళ్లి పత్రిక కూడా. ఎవరైనా శుభలేఖ ఇస్తే ముందు ప్రింటింగ్ ప్రెస్ పేరు చదివి, "పిల్ల ఎవ్వరు?" అని అడిగేవారు. అందరూ నవ్వేవాళ్లు. "పెద్ద అచ్చరాలు వాళ్లు చెప్పాలనుకున్నయి. చిన్నయి మనం తెల్సుకోవాల్సినయి" అనేవారు ఆమె, నవ్వకుండా.

నేను బీబీఏ రెండో సంవత్సరం. మా కాలేజీ నుంచి ఒక సెమిస్టర్ విదేశీ యూనివర్సిటీలో చదవడానికి ముగ్గురిని ఎంపిక చేశారు. అందులో నేనొకదాన్ని. అక్కడ డిగ్రీ ఇవ్వరు. విజిటింగ్ స్టూడెంట్‌గా వెళ్లి, నాలుగు బిజినెస్ కోర్సులు చదివి, మార్కులు తెచ్చుకుని ఇక్కడ కలుపుకోవాలి. ఆ నాలుగూ ఏవో మేమే ఎంచుకోవాలి. లిస్టు డెబ్బై కోర్సులది. దాన్ని ప్రింటు తీసుకుని నేను ముందు వెళ్లింది మా ఇంట్లోకి కాదు, ఆమె అరుగు మీదికి.

ఆమె అనపకాయలు ఒలుస్తున్నారు. "విజిటింగ్ అంటే చుట్టమన్నట్టే గదనే?" అన్నారు.

"అంతే టీచరమ్మా."

"మనింట్ల చుట్టం ముందు తింటడు. ఆడ ఇంటోళ్లు ముందు తిని, మిగిల్తే చుట్టానికి పెడ్తరేమో. అడిగినవా?"

అడగలేదు. నవ్వి ఊరుకున్నాను. బయటి నుంచి వచ్చేవాళ్లకు ముందు సీటు ఇస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. అలాగే ఉంటుందని నేనే అనుకున్నాను.

మొదటి మూడు కోర్సులూ మేం కాయలు ఒలుస్తూనే ఎంచుకున్నాం. ఆమె పరీక్ష ఒకటే. "పేరు చెప్పకు. సోమారం పొద్దుగాల క్లాసుల నీతోని ఏం చేపిస్తరో చెప్పు." నేను చెప్పలేకపోతే ఆ కోర్సు పోయినట్టే. స్ట్రాటజీ అని ఉన్నవి నాలుగు అలాగే పోయాయి. ఆపరేషన్స్, స్టాటిస్టిక్స్, కన్జ్యూమర్ బిహేవియర్ నిలిచాయి. నాకేం కావాలని ఎవరైనా నన్ను అన్ని ప్రశ్నలు అడిగి, జవాబు వచ్చేదాకా ఆగడం అదే మొదటిసారి.

నాలుగో దాని దగ్గర ఆగిపోయాను. డాడీ ట్యాక్సేషన్ తీసుకోమన్నాడు. పెదనాన్నకు చేవెళ్లలో ట్యాక్స్ ఫైలింగ్ ఆఫీసు ఉంది. తిరిగొచ్చాక నేను అందులో కూర్చోవాలని వాళ్లిద్దరి ఆలోచన. నాకు నెగోషియేషన్ కావాలి. ఎదుటి మనిషితో మాట్లాడి ఒప్పించడం నేర్పే కోర్సు అది. ఆ సంగతి టీచరమ్మకొక్కరికే చెప్పాను.

"బేరమాడుడా? దానికి ఇమానం ఎక్కుడెందుకే? మొయినాబాద్ అంగట్ల తమాట గంప ముంగట కూసోరాదు" అని పకపకా నవ్వారు. తర్వాత నా ముఖం చూసి, "మీ డాడీకి చెప్పినవా?" అన్నారు.

"భయమైతుంది."

"గందుకే గా కోర్సు కావాలంటున్నవ్. సరే, రాస్కో."

మా ఇంట్లో పెద్ద విషయం ఏదైనా చీట్లు వేసే తేలుస్తారు. బోరు ఎక్కడ వేయాలన్నా, నన్ను ఏ బడిలో చేర్చాలన్నా, రెండు చీట్లు మడిచి స్టీలు గ్లాసులో వేసి ప్రార్థన చేసి తీస్తారు. వచ్చింది దేవుని మాట. దాన్ని ఎవరూ కాదనరు. నాలుగో దానికి నేను ట్యాక్సేషన్, నెగోషియేషన్ రెండింటికీ టిక్కు పెట్టడం చూసి డాడీ కోప్పడలేదు. "దేవుని ముంగట పెడ్దాం బిడ్డా" అన్నాడు, ఎంతో ప్రేమగా. దాంతో నాకు మాట్లాడే సందే లేకుండా పోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ముందు గదిలో పదిమంది కూర్చున్నారు. అందరికన్నా పెద్దావిడ కాబట్టి గ్లాసు టీచరమ్మ పట్టుకున్నారు. తీసింది నేను. విప్పితే డాడీ అక్షరాల్లో, నీలం ఇంకుతో, ట్యాక్సేషన్ అని ఉంది.

"నెగోషియేషన్" అని చదివాను.

నా నోట్లోంచి అది ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. టీచరమ్మ నా చేతిలోంచి చీటీ తీసుకుని భూతద్దం పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. ఆమె గ్లాసులో మిగిలిన చీటీని కూడా అరచేతిలోకి ఒంపుకుని పిడికిలి మూసి, "ఆమెన్" అన్నారు.

డాడీ కళ్లలో నీళ్లు వచ్చాయి. "నేను ట్యాక్స్ అనుకున్న. ప్రభువు ఇంకోటి అనుకున్నడు. ఇగ గీ నాలుగే. ఇండ్ల ఒక్కటి తప్పినా, పోవద్దని దేవుడు చెప్పినట్టే" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. మర్నాడు తను పనిచేసే కోల్డ్ స్టోరేజీలో షిఫ్టు వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఆ తర్వాత నేను రోజూ టీచరమ్మ ఇంటి ముందు నుంచి తల వంచుకుని వెళ్లాను, తిడతారేమోనని. ఆమె తిట్టలేదు. "ఏందే, సురంగల్ సంతల తప్పిపోయిన మేక లెక్క పోతున్నవ్?" అని మాత్రం ఒకసారి అన్నారు.

మొన్న సోమవారం మెయిల్ వచ్చింది. నెగోషియేషన్ క్లాసు వాళ్ల సొంత విద్యార్థులతోనే నిండిపోయింది. విజిటింగ్ వాళ్లకు సీట్లు లేవు. సీట్లు మిగిలిన వేరే నాలుగు కోర్సుల్లో ఒకటి ఎంచుకుని శనివారం సాయంత్రం ఆరులోగా పంపకపోతే అప్లికేషన్ రద్దవుతుంది. ఆ నాలుగింటిలో ట్యాక్సేషన్ ఉంది.

ఎటు జరిగినా గోడే తగులుతోంది. కోర్సు దొరకలేదని మాత్రమే చెబితే, దేవుడు వద్దన్నాడని డాడీ ప్రయాణమే ఆపేస్తాడు. చీటీలో నిజంగా ఉన్నది ట్యాక్సేషనే అని చెబితే ప్రయాణం దక్కుతుంది, కానీ ప్రార్థనలో అబద్ధమాడిన దాన్నవుతాను.

మంగళవారం సాయంత్రం ఆమె దగ్గరికి పరుగెత్తాను. మెయిల్ అంతా విని, పాత ప్రింటు తెమ్మని, నెగోషియేషన్ పక్కన ఉన్న చిన్న స్టార్ గుర్తు మీద వేలు పెట్టారు. సీటు ఉంటేనే విజిటింగ్ విద్యార్థులకు, అని పేజీ అడుగున ఉంది.

"నేను చూడలే టీచరమ్మా."

"నేను చూసిన. చీట్లేసినంక చూసిన. నాది గూడ తప్పే."

అప్పుడు అడిగాను, ఆ రోజు ఆమెన్ ఎందుకన్నారని.

"నన్ను గూడ మా నాయిన చీటీ తియ్యమన్నడు. నర్సు అని వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చదివిన. పోయిన. మొదటి సూదికే నేను కింద పడ్డ, పేషెంటు లేచి నన్ను పట్టుకున్నది." నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. "మూడు వారాలకు సంచి పట్టుకొని ఇంటికొస్తే, మా నాయిన ఏమన్నడో తెల్సా? చీటీ సక్కగ మడవలేదన్నడు!"

నేనూ నవ్వాను. ఎన్ని రోజులకో.

"దేవుడు చీటీలల్ల ఉంటడో ఉండడో నాకు తెల్వదు బిడ్డా. నువ్వు అబద్ధమాడినవ్, అది తెల్సు. నేను దానికి ఆమెన్ అన్న. అదిగూడ తెల్సు." కళ్లద్దాల డబ్బాలోంచి ఆ రోజు నేను చదివిన చీటీ తీసి నా చేతిలో పెట్టారు. "చీటీ నువ్వు పట్టుకో. మాట నేను పట్టుకుంట. ఎల్లుండి మీ ఇంట్ల ప్రార్థన కూడిక గదా, మీ డాడీతోని నేను చెప్త. జర ఓపిక పట్టు. భయంతోని ముందుగాలనే ఏదేదో వాగకు."

ఆ రాత్రి బాగా నిద్రపోయాను. పొద్దున ఆమెకు ఏడుసార్లు ఫోన్ చేసింది, ఆ మాట ప్రార్థనకు ముందు చెబుతారా తర్వాత చెబుతారా అని అడగడానికే.

గురువారం మా ఇంట్లో కూడిక జరగలేదు. ఆమె సమాధి కార్యక్రమం జరిగింది. ముడిమ్యాల నుంచి ఆమె పాత విద్యార్థులు, తలలు నెరిసినవాళ్లు కూడా, ట్రాలీ ఆటోల్లో వచ్చారు. డాడీ శవపెట్టెకు ముందు వైపు భుజం ఇచ్చాడు. మన్ను వేశాక అందరిముందూ ఏడుస్తూ, "టీచరమ్మ ఆకరుసారి గ్లాసు పట్టింది నా బిడ్డ కోసమే. ఆమె చేతుల మీద వచ్చిన మాట. దాన్ని ఎవ్వరు మార్చలేరు" అన్నాడు. పాస్టరుగారు తల ఊపారు. ఆడవాళ్లు నన్ను దగ్గరికి తీసుకున్నారు.

ఇప్పుడు నేను నిజం చెబితే అబద్ధం నా ఒక్కదానిదే కాదు, ఆమె ఆమెన్ కూడా అబద్ధమవుతుంది. సమాధి మీద పూలు ఇంకా వాడలేదు. రేపటి పేజీలో నేను రాసింది ఆమె క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి. అందులో ఆమె లేరు. నా కోసం తప్పు చేసి, అది తప్పేనని నాతో ఒప్పుకుని, దాన్ని తనే మోస్తానన్న మనిషి గురించి చర్చిలో ఎలా చదవను? నేను ఎరిగిన టీచరమ్మ ఆమే. ఆమెకే నేను రుణపడి ఉన్నాను.

శనివారం, మధ్యాహ్నం మూడున్నర. మమ్మీ చర్చిలో రేపటికి బియ్యం ఏరుతోంది. డాడీ పక్క గదిలో రెండో షిఫ్టుకు తయారవుతున్నాడు. ఇప్పుడే ఫోన్‌లో ఫారం తెరిచి, నాలుగో గడిలో ట్యాక్సేషన్ నొక్కి పంపేశాను. ప్రయాణం పోనివ్వలేను. డాడీకి ఎలా చెప్పాలో మాత్రం ఇంకా తెలీదు. రేపు కూడిక అయ్యాక చెప్పొచ్చు. లేదా టికెట్ వచ్చాక. లేదా అక్కడికి వెళ్లాక, ఫోన్‌లో, ముఖం కనపడకుండా...

పక్క గదిలో డాడీ ఫోన్ మోగింది. మెయిల్ వస్తే మోగే మోత. ఇందాక ఫారంలో పేరెంట్ ఈమెయిల్ అన్న చోట డాడీది ఇచ్చింది నేనే. వాళ్లు కాపీ పంపారు.

కుర్చీ జరిగింది. అడుగులు.

తలుపు కొడుతున్నాడు.

"బిడ్డా. ఇండ్ల నెగోషియేషన్ లేదేందే? ట్యాక్స్ అని ఉన్నది. తప్పు నొక్కినవా?"

పేజీలు దిండు గలీబులోకి తోసేయాలి. ఇదొక్కటి రాసి.

"ఉన్నవా లోపల?"

"ఉన్న డాడీ" అన్నాను. నా గొంతు బయటికి వినపడిందో లేదో.

ఆయన మళ్లీ కొట్టడం లేదు. వెళ్లిపోవడమూ లేదు. తలుపు కింది సందులో వెలుతురు, ఆ వెలుతురులో ఆయన పాదాలు. ఒకదానికి సాక్సు ఉంది. రెండోదానికి లేదు.