లేవని తెర ముందు ఆమేన్

సహోదరులారా, నా భార్య రూతమ్మను మట్టిలో పెట్టిన రోజున మా పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించగానే అందరూ ఆమేన్ అన్నారు, నాకు మాత్రం నోరు పెగల్లేదు. మరుసటి ఆదివారమూ అంతే. ఇంట్లో మోకరిస్తే "తండ్రీ" అన్న మాట దగ్గరే ఆగిపోయేవాడిని, తర్వాత ఏమనాలో తోచేది కాదు, నాలో ఉన్నది కోపమో దుఃఖమో అదీ తెలిసేది కాదు. విశ్వాసికి ఆమేన్ రాకపోవడమంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా!

నేను గుంటూరులో ఒక మిషన్ బడి డ్రాయింగ్ మాస్టారిని. ఇటు ఒంగోలు దాకా ఎన్నో మందిరాల్లో గొర్రెపిల్లను ఎత్తుకున్న ప్రభువు బొమ్మలు వేసిన చేతికి, ఆమె పోయాక ముఖం గీయడమే రాకుండా పోయింది. దుప్పట్లంతేసి ముతక గుడ్డలు కలిపి కుట్టించి, నేల మీద పరిచి, వాటి నిండా ఎరుపు, ఎరుపు కింద నలుపు, అంతే వేసేవాడిని, మనిషి లేడు, చెట్టు లేదు, ఎందుకు వేస్తున్నానో నాకే తెలియదు. ఇది ప్రభువు చేయిస్తున్నాడా, సాతాను ఆడిస్తున్నాడా అని భయపడేవాడిని.

నా స్నేహితుడొకాయన, కాలేజీ లెక్చరరు, అవి చూసి ఇది మోడరన్ ఆర్టు, ప్రదర్శన పెట్టాల్సిందేనని పట్టుబట్టి చర్చి పక్కన హాలు మాట్లాడేశాడు. నా ఒక్కడి బొమ్మలతోనే ప్రదర్శన! గోడలు కప్పేసిన ఆ గుడ్డల మధ్య బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. పొద్దున వచ్చిన పెద్దమనుషులు "చాలా లోతుగా ఉందండీ" అని టీకి వెళ్ళిపోయారు. ఒకాయన తలకిందులుగా కట్టారేమో చూడమన్నాడు. ఇంకొకాయన, "మా బావగారింటికి కలర్ టీవీ వచ్చిందండీ, బొమ్మ పోతే అచ్చం ఇలాగే ఉంటుంది" అన్నాడు. చివరికి మా అయ్యగారు వచ్చి, చాలాసేపు చూసి, "ఇందులో ప్రభువు ఎక్కడున్నాడు మాస్టారూ?" అని మెల్లగా అడిగారు. సాయంత్రంలోగా దానికి జవాబు దొరక్కపోతే బ్రష్షూ బైబిలూ రెండూ మూటగట్టి అటక ఎక్కించేద్దామని అప్పుడే తీర్మానించుకున్నాను.

మధ్యాహ్నం దాటాక మా అత్తగారు, అంటే రూతమ్మ తల్లి, వచ్చారు. ఆమెది కనిగిరి దగ్గర పల్లె. మిరపకోతలకు గుంటూరు వైపు వచ్చిన తన సంఘం ఆడవాళ్ళందరినీ, అల్లుడి బొమ్మలు చూపిస్తానని వెంటబెట్టుకొచ్చారు. మన పల్లెల్లో క్రిస్మస్ నాటకానికి కట్టే రంగుల తెర మీకు తెలుసు కదా! వాళ్ళు అన్నిటికంటే పెద్ద ఎర్రగుడ్డను చూశారు, గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు, దాని ముందు నేల మీద వరసగా కూర్చున్నారు. నాకేమీ అర్థం కాలేదు.

"ఏం నాయనా, తెర ఎప్పుడు లేపుతారు? ఏసాలు కట్టేవోళ్ళు ఇంకా రాలేదా?" అన్నారు అత్తగారు.

"ఇది తెర కాదు అత్తయ్యా, బొమ్మే. లేవదు."

అత్తగారు లేవకుండా అక్కడే సర్దుకుని కూర్చున్నారు.

"లేవకపోతే మానెలే. ఇంత దూరం వచ్చి ఊరికే పోతామా? పాట పాడుకోని, ప్రార్థన చేసుకోని పోతాం."

మిరప ఘాటు ఇంకా వదలని చేతులతో చప్పట్లు కొడుతూ పాడారు. తర్వాత అత్తగారు ముసుగు వేసుకుని ప్రార్థించారు. "ప్రభువా, మా అల్లుడు ఏం ఏశాడో మాకు తెలవదు, ఆయనకీ తెలవనట్టే ఉంది. నీకు తెలుసు గదా తండ్రీ! ఈ తెర ఎప్పుడు లేచిద్దో, మా రూతమ్మ మాత్రం అవతల నీ కాడ ఉంది. లేచిందాకా మేం ఈడ కూచుంటాం, మా అల్లుణ్ణి గూడా మాతో కూచోబెట్టు నాయనా."

కాదని చెప్పినా ఆమెకు అది తెరే, సహోదరులారా! కన్నకూతుర్ని పోగొట్టుకున్న తల్లి అలా ప్రార్థిస్తుంటే నేనింక నిలబడలేక వాళ్ళ వరసలోనే కూలబడ్డాను. అందరూ ఆమేన్ అన్నారు. అందులో ఒక మగగొంతు వినిపించింది. ఎవరిదా అని తల తిప్పి చూశాను. నాదే! దేవునికే మహిమ!

అయ్యగారి ప్రశ్నకు ఇవాళ్టికీ జవాబు తెలియదు, ముఖాలు గీయడం ఇంకా రాలేదు, ఆ ఎరుపేమిటో అడిగితే తెల్లమొహం వేస్తాను. కానీ ప్రార్థన చేసుకుంటున్నాను, నన్ను విడిపించిన ప్రభువుకు వందనాలు! ఆ గుడ్డను అత్తగారు తమ ఊరి మందిరానికి అడిగి తీసుకెళ్ళారు. మొన్న క్రిస్మస్ నాటకానికి దాన్నే కట్టారు, తాడు లాగింది నేనే, అది లేచింది! మీ ముందు కూడా ఏ తెరైనా లేవకుండా ఉంటే, విసిగి వెళ్ళిపోకండి. మా అత్తగారి పక్కన చోటుంది, వచ్చి కూర్చోండి.