నా గొంతు, ఇంకొకరి పెదాలు

నా గొంతు బాగుంటుందని నాకు తెలుసు. వినయం కోసం కాదనడం నాకు చేతకాదు. మా దీవుల్లో డైరీ ఫార్మ్ అనే పేటలో మా తెలుగు చర్చి క్రిస్మస్ నాటకానికి పద్దెనిమిదేళ్ళపాటు పాటలన్నీ నేనే పాడాను. నన్ను మాత్రం ఎవరూ చూడలేదు. మా నాటకాల పద్ధతే అంత. తెర వెనక హార్మోనియం పక్కన నిలబడి ఒకరు పాడతారు, స్టేజి మీద ఇంకొకరు పెదాలు కదుపుతారు. అందుకు ఏటా ఒక కొత్త పిల్ల, సన్నగా, చూడముచ్చటగా ఉండేది వచ్చేది. నేను కొత్తా కాదు, సన్ననా కాదు. కడుపుమంట మాత్రం ఉండేది. డిసెంబరంతా మా ఇంట్లో గిన్నెలు గట్టిగా మోగేవి.

సిప్పీఘాట్ తోటలో వచ్చినవాళ్ళకు జాజికాయ, లవంగం చెట్లు చూపించడం నా ఉద్యోగం. కిందటేడు నవంబరులో డెన్మార్క్ నుంచి ఒకావిడ వచ్చింది. ఒకప్పుడు మా నికోబార్‌ను వాళ్ళ దేశం ఏలిందని చదివి, చూద్దామని బయలుదేరిందట. నికోబార్‌కు పర్మిట్ దొరకలేదు, సిప్పీఘాట్ దొరికింది. చెట్ల మధ్య నా కూనిరాగం విని ఆగిపోయింది. తనూ పాటగత్తెనేనని, పాడుతూ నటించే నాటకాలే తన బతుకని చెప్పింది. ఆవిడ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు కలిపితే ఒక మనిషికి సరిపోయింది.

మొదట పెళ్ళిళ్ళలో పాడిందట. తర్వాత ఒక పెద్ద థియేటర్లో గుంపులో పాడుతూ ఏడేళ్ళు ఆఖరి వరసలో నిలబడింది. నాయిక పాటలన్నీ ఇంట్లో కంఠతా పట్టి, ఎవరైనా పిలుస్తారేమోనని చూసింది. ఎవరూ పిలవలేదు. చివరికి దర్శకుడి గది తలుపు తానే తట్టింది. ఆయన రెండుసార్లు కాదన్నాడు. మూడోసారి పాడి వినిపించమన్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆమెదే ముందు వరస.

నా సంగతీ చెప్పాను. జాలి పడుతుందనుకున్నాను.

“మీరు అడిగారా?” అంది.

అడగలేదు. అలిగితే చాలనుకున్నాను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. పద్దెనిమిదేళ్ళూ నేను కంచం ముందుకు జరపకుండానే వడ్డించలేదని ఏడ్చాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ శనివారం ప్రాక్టీసులో అడిగేశాను. నాటకం రాసేదీ ఆడించేదీ మా బాబాయే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. స్టేజికి గొంతొక్కటే చాలదు, మొహం కూడా కావాలి, లోగ్ క్యా బోలేంగే, జనం ఏమంటారు అన్నాడు. ఆ ఏటి నాటకంలో ముఖ్య పాత్ర, కొడుకు వచ్చే ఓడ కోసం జెట్టీ మీద ఎదురుచూసే తల్లి.

“ఆ తల్లికి పదహారేళ్ళుంటాయా బాబాయ్? నా మొహం పనికిరాకపోతే నా గొంతూ పనికిరాదు. ఈ ఏడు తెర వెనక నిలబడను.”

తల్లి వేషానికి ఎంచిన పిల్లే నన్ను గట్టెక్కించింది.

“దీదీకే ఇచ్చేయండి అంకుల్. పాటకు పెదాలు కలపడం నాకు బహుత్ ముష్కిల్ అవుతుంది.”

నాటకం నాటికి ఆ డెన్మార్క్ ఆవిడ విమానమెక్కి వెళ్ళిపోయింది. స్టేజి మీద మొదటి చరణం అలవాటుగా కళ్ళు మూసుకునే పాడాను. రెండో చరణానికి తెరిచాను. అంతమంది నన్నే చూస్తుంటే గొంతు వణుకుతుందేమో అనుకున్నాను. అదేం కాలేదు, ఇంకాస్త పైకి లేచింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

నాటకం అయ్యాక ఒక ముసలావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చేతులు పట్టుకుంది. ఏటా ఫెరార్గంజ్ నుంచి బస్సులో మా నాటకానికే వస్తుందట.

“ఏటేటా పిల్ల మారిపోద్ది, గొంతు మారదు. అందరూ ఒక్క ఇంటి అక్కచెల్లెళ్ళేమో అనుకున్నానమ్మా. ఆ ఇల్లు చల్లగా ఉండాలని ఇన్నేళ్ళూ ప్రార్థన చేసుకున్నాను.”

“ఆ ఇంట్లో ఉన్నది ఒక్కతే పెద్దమ్మా,” అన్నాను. “అది నేనే.”