ఏరి పెట్టిన జెల్లలు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే బండి ఆ రోజుల్లో ఎంత నెమ్మదిగా పోయేదంటే, కిటికీ పక్కన కూర్చుంటే చేలగట్ల మీది కొంగలను ఒక్కొక్కదాన్నీ పలకరించుకుంటూ పోవచ్చు. అరవయ్యో దశకం చివర్లో ఏడాదిన్నర పాటు నా ఆదివారాలన్నీ ఆ బండిలోనే గడిచాయి. ఒళ్లో ఫార్మలిన్ పోసిన సీసా ఉండేది. ఆ ఘాటుకి ఎదుటివాళ్లు ముక్కు మూసుకుని "ఏంటండీ అది?" అనేవాళ్లు. "మందండీ" అనేవాణ్ణి. చేపలు పాడైపోకుండా ఉంచే మందని చెబితే ఇంకో నాలుగు ప్రశ్నలు పుట్టుకొస్తాయి. నాకసలే ఓపిక తక్కువ.

అప్పట్లో నేను తెనాలిలో ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్ని. కప్పల్ని కోసి పిల్లలకు చూపించే ఉద్యోగం. అది చాలని మావాళ్లంతా అనుకునేవాళ్లు. నాకు మాత్రం డాక్టరేటు మీద మనసు. డిగ్రీలో పాఠం చెప్పిన మాస్టారు బాపట్లలో ఉండేవారు. "ఉత్త చేతులతో యూనివర్సిటీకి వెళ్తే ఎవడు చూస్తాడోయ్? ఏదో ఒక పని చేసి చూపించు. రీసెర్చి సీటుకి నేను ఉత్తరం రాస్తాను" అన్నారు. ఆ పనే జెల్లలు. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసేచోట దొరికే మీసాల చేపలు. అవి ఏయే నెలల్లో గుడ్లు పెడతాయో తేల్చాలి. వారానికి పన్నెండు చేపలు తెచ్చి, పొట్ట కోసి చూసి, రాసుకోవాలి.

చేపలకు నాకేం లోటు? రేపల్లె బజారులో మా పెద్దమ్మే చేపలమ్మేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నేను బండి దిగి వెళ్లేసరికి పన్నెండు జెల్లల్నీ తడి గోనెలో చుట్టి సిద్ధంగా ఉంచేది. "చదువు చేపలు తీసుకో నాయనా" అని నవ్వేది. వాటిని సీసాలో వేసుకుని, ఆవిడ పెట్టిన అన్నం తిని, మధ్యాహ్నం బండికి వెనక్కి వచ్చేసేవాణ్ణి.

చిత్రమేమిటంటే నా చేపలు పుస్తకాల మాట వినలేదు. వానాకాలంలోనే గుడ్లు పెడతాయని పుస్తకాలు. నాకేమో చలికాలంలోనూ గుడ్లే, నడివేసవిలోనూ గుడ్లే. వారం వారం పన్నెండింట్లో ఏడెనిమిది పొట్టల నిండా పసుప్పచ్చటి గుడ్లు. మాస్టారు నా నోటుబుక్కు తిరగేసి కళ్లజోడు తీసేశారు. "మన నీళ్లలో ఏడాది పొడుగునా పెడుతున్నాయన్నమాట! ఇది ఎవరూ చెప్పలేదోయ్!" అన్నారు. నేనింక నేల మీద లేను. రేపల్లె బండి ఊగుతుంటే కళ్లు వాటంతటవే మూతలు పడేవి. గోరువెచ్చటి మసక నీళ్ల అడుగున నెలా తిథీ తెలియని జెల్లలు, లెక్కలేనన్ని గుడ్లు, వాటి మధ్య తేలుతూ నా పేరు, పేరు ముందు డాక్టర్. అలా తేలుతూ తేలుతూ వెళ్లి రేపల్లెలో దిగేవాణ్ణి. అంత సుఖం మళ్లీ ఎరగను.

ఒక శనివారం కాలేజీకి సెలవిస్తే సాయంత్రం బండికే రేపల్లె వెళ్లాను. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ వెనకాలే బజారుకి నడిచాను. ఆవిడ గంప దించి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని కూర్చుంది. ఒక్కో జెల్లనీ తీసి, బొటనవేలితో పొట్ట నొక్కి చూసి, కొన్నిటిని పక్కన గోనె మీద పెడుతోంది. మిగతావి గంపలోకి విసిరేస్తోంది.

"ఏంటి పెద్దమ్మా చేస్తున్నావ్?"

"నీవే ఏరుతున్నాన్రా. గుడ్లున్నవి చూసి."

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఎప్పట్నుంచేంటి? మొదటి వారం నుంచీ ఇంతే. బేరానికొచ్చినవాళ్లు గుడ్ల చేపలడిగితే లేవని కసిరి మరీ నీకు దాస్తున్నా. ఉత్తిపొట్టవి నీకిస్తే నా చేతులు పడిపోవూ?"

ఏడాదిన్నర! ఆ గంపలో ఉన్న నిజాన్ని ఆవిడ వారం వారం ఊరికి అమ్మేసి, నాకు ప్రేమను మూటగట్టి ఇచ్చింది. ఆ పన్నెండూ తీసుకుని వచ్చేశాను.

మాస్టారి ఉత్తరం అప్పటికే తయారైపోయింది. బాపట్ల వెళ్లి తెచ్చుకోవడమే తరువాయి. నేను నోరు మూసుకుంటే ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆ వారమంతా పుణ్యాత్ముడిలా గడిపానని చెప్పను. నోరు మూసుకుందామనే మూడు రోజులు అనుకున్నాను. నాలుగో రోజు బాపట్లలో ఆయన ఎదుట నిలబడగానే మొత్తం బయటపడిపోయింది.

ఆయన తిట్టలేదు. ఉత్తరం మడిచి సొరుగులో పెట్టేశారు. "ఈ ఏడాదికి సీటు లేనట్టే. మళ్లీ మొదటి నుంచి ఏడాది పని. బ్యాంకు పరీక్షలున్నాయి, వేరే దారులున్నాయి. నీకిది నిజంగా కావాలా? ఆలోచించుకో" అన్నారు.

"అలాగేనండి" అని బండెక్కాను. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. కిటికీలోంచి ఈదురుగాలి, పచ్చటి చేలు, ఎక్కడో వాన పడిన మట్టి వాసన. నేనేమో పెద్దమ్మ వెనక్కి విసిరేసిన చేపల గురించే ఆలోచిస్తున్నాను. వాటి పొట్టల్లో ఏముంది? అసలు ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ఆగిపోతుంది? పోయిన సీటుకంటే ఆ సంగతే నన్ను పీకుతోంది. ఓరి నీ మొహం మండ, ఇంత జరిగినా నీకు జెల్లలే కావాలా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కావాలి. ఆ తర్వాత ముప్పై ఏళ్లు చేపల పొట్టలు కోస్తూనే బతికాను, కానీ తీర్మానం అయిపోయింది మాత్రం ఆ బండిలోనే. తెనాలిలో దిగేసరికి ఒక్క భయమే మిగిలింది. పెద్దమ్మకు చెప్పాలి.

ఆ శనివారమూ రేపల్లె వెళ్లి, ఆదివారం గంప తెరవగానే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"పెద్దమ్మా, ఏరొద్దు. మొహం అటు తిప్పుకుని, చేతికేది తగిలితే అది ఇవ్వు."

"నీకేవన్నా పిచ్చా?"

"ఉత్తిపొట్టవి ఎన్నో కూడా నాకు తెలియాలి. నువ్వు మంచివే ఇచ్చావు. జెల్లలు ఏడాది పొడుగునా గుడ్లతోనే ఉంటాయని నేను అబద్ధం రాసుకొచ్చాను. ఈ ఏడాదికి సీటు లేదన్నారు మాస్టారు."

బేరానికి వచ్చినావిడను ఆగమని సైగ చేసి, పెద్దమ్మ నావైపు తిరిగింది.

"అయితే నీ సీటు పోయింది నావల్లేనా?"

లేదని చెప్పాలనే అనుకుని వచ్చాను. దారి పొడుగునా ఆ మాటే వల్లించుకున్నాను. కానీ లేదంటే వచ్చే వారం మళ్లీ ఏరుతుంది.

"అవును పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. గంపలో చెయ్యి పెట్టింది. అలవాటుగా బొటనవేలు పొట్ట మీదికి పోతే దాన్ని వెనక్కి ముడుచుకుంది. మొదట వచ్చింది వేలెడు లేదు, పొట్ట వీపుకి అంటుకుపోయి ఉంది. చూడకుండానే నా అరచేతిలో పెట్టి, "ఇదేనా నీకు కావలసింది?" అంది.

"ఇదే."

తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. పన్నెండూ అయ్యేదాకా ఆవిడ ఇటు తిరగలేదు. భుజాలు వెక్కిళ్లతో కదులుతూనే ఉన్నాయి. ఆపమని నేననలేదు.