మిగిలిన ఐదు నిమిషాలు

పెనుకొండలో ప్యాసింజరు ఆగి అరగంటైంది. క్రాసింగు. ఎదుటి సీటులోని పెద్దాయన ఒడిలో టేప్‌రికార్డరు, దాని మీద తువ్వాలు. 2003 నాటికే దాన్ని మోసుకు తిరిగేవాళ్లు తగ్గిపోయారు. ఎక్కడికని అడిగితే ధర్మవరమన్నాడు. పేరు అమీర్‌సాబ్. హిందూపురం బస్టాండు దగ్గర క్యాసెట్లు రికార్డు చేసే అంగడి నడిపాడట. సీడీలొచ్చాక మూసేశాడు.

నేను తిరిగిన ప్రతి ఊళ్లోనూ ఏడుపు పాటలున్నాయి. పుస్తకాలు వాటికి రకరకాల పేర్లు పెట్టాయి గాని పాడేవాళ్లకు ఆ పేర్లతో పనిలేదు. అమీర్‌సాబ్ భార్య పీరాంబీ పీర్ల పండగకు తెలుగులోనే పాడేది. తొంభై ఆరులో ఒక మధ్యాహ్నం అంగడి షట్టరు సగం దించి ఆమె చేత పాడించాడు. అరవై నిమిషాల క్యాసెట్లో ఒక వైపే.

క్యాసెట్ వీపున చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని విరిచేస్తే ఆ టేపు మీద మళ్లీ ఇంకేదీ రికార్డు కాదు. ఊరందరి క్యాసెట్లకూ విరిచిచ్చినవాడు ఆమె దానికి విరవలేదు.

"ఇంగో పూట పాడిస్తామని ఉంచినా సామీ. ఆయమ్మ యాడికి పోతాది అనుకుంటి," అన్నాడు.

రెండు నెలలకు జ్వరంతో పోయింది. నలభయ్యో రోజు చుట్టాల ముందు ఆమె పేరున్న డబ్బా తెరిచి వేస్తే, క్యాసెట్ మూగది. కొత్త ఖాళీ టేపు. అప్పుడు తెలిసింది ఆయనకు, తానే ఆమె క్యాసెట్‌ను ఖాళీదనుకొని ఇంకొకరికి రికార్డు చేసిచ్చేశానని.

ఆ ఇంకొకరు ధర్మవరం గిరిధర్, బెంగుళూరులో ఇంజనీరింగు చదివేవాడు. బ్రిటన్ బ్యాండు ఒకదాని తొలి ఆల్బం తెచ్చి కాపీ అడిగాడు. ట్రిప్ హాప్ అంటారట. ముసురు పట్టినట్టుండే నిదానపు పాటలు. అరిగిన రికార్డుల చిటపటలు కావాలనే పెడతారు, ఎక్కడివో పాత గొంతులు కోసి అతికిస్తారు. ఆ చిటపట విని మిషను చెడిందనుకొని అమీర్‌సాబ్ హెడ్డును మూడుసార్లు తుడిచాడు. ఆ గాబరాలోనే క్యాసెట్ మారింది.

"ఆ పాటలు ఒక్కో పక్క ఇరవై అయిదు నిమిషాలు. టేపు ముప్పై. కడాన అయిదు నిమిషాలు ఆయమ్మ ఉండాది," అన్నాడు. ఏడేళ్లుగా అదే లెక్క. గిరిధర్ ఇల్లు నిన్ననే తెలిసింది. ధర్మవరంలో నేనూ దిగాను. నాకు ఫలానా ఊళ్లో దిగాలనేమీ లేదు.

గిరిధర్ చదువు మధ్యలో మాని, నాయన పోయాక మగ్గం గుంతలో కూర్చున్నాడు. అంగడి సాబును గుర్తుపట్టాడు. ఒక్కసారి విని పోతానని మాత్రమే అమీర్‌సాబ్ చెప్పాడు. లేబులు చెరిగిన క్యాసెట్ గూట్లోంచి అమీర్‌సాబ్ రికార్డరులోకి వచ్చింది. నేసేటప్పుడు రోజూ అదే పెట్టుకుంటాడట.

ఇంగ్లీషు ఆడగొంతు పాడుతున్నంతసేపూ అమీర్‌సాబ్ చేతి గడియారాన్నే చూశాడు. పాటలైపోయాయి. చిటపట ఆగింది. ఒక చరణంలో సగం, పీరాంబీది. ఆ వెంటనే ఆమె మాట.

"ఇంగొకటి పాడేదా?"

మగ గొంతు విసుక్కుంది, రైల్లో నేను విన్న గొంతే. "సాలు. టేపు దండగ."

టక్కుమంది. ఆపైన గాలి సొద.

గిరిధర్ నవ్వాడు. "ఈ ముక్కంటే నాకు శానా ఇష్టం సాబ్. ఇంగ్లీషోళ్లు మన మాటలు యాడ పట్టినారో. ఆయప్ప ఇంగొకటి పాడమనుంటే ఏం పోతాండె?"

అమీర్‌సాబ్ మిగిలిన నాలుగు నిమిషాల ఖాళీనీ చివరిదాకా విన్నాడు. మీట దానంతటదే పైకి లేచింది. ఆయనా లేచాడు. చెప్పులు వేసుకొని వీధిలోకి దిగాడు.

"సాబ్, నీ రికార్డరూ," అని గిరిధర్ గుంతలోంచే కేకేశాడు.

మగ్గాల చప్పుడు మధ్య ఆయన సందు మలుపు దాకా వెనక్కి తిరక్కుండా నడిచాడు. ఆ తర్వాత కనిపించలేదు.