గొంతొకరిది, వేషమొకరిది

మీసం అతికించే జిగురు వాసనకు ఈ మధ్య నాకు తలనొప్పి వస్తోంది. సీరియల్లో తాతయ్య వేషం నాది. మేకప్ కుర్రాడు "కదలొద్దు సార్" అనగానే కళ్లు మూసుకుంటాను. మనసు మా ఊరు ఎమ్మిగనూరుకు పోతుంది, వేషగాళ్ల మొహాలకు పూయడానికి కొబ్బరినూనెలో పచ్చని అర్దళం నూరే చోటికి.

పందొమ్మిదొందల యాభైలలో మా వీధికి మగ్గాల చప్పుడుతోనే తెల్లవారేది. శనగకాయలు పీకే కాలమొస్తే ప్రతి ఇంటి ముందూ పచ్చికాయలు ఉడికే వాసన, ఆదోనికి పోయే పత్తి బండ్ల వెనక వేలాడుతూ మా పరుగులు, జాతరకు అమ్మ చేసే ఓళిగల మీంచి మోచేతి దాకా కారే నెయ్యి, వాటన్నిటినీ మరిపించే బయలాట. ఆరుబయట రంగం కట్టి, తలకు మించిన కిరీటాలు పెట్టుకుని ఆడే ఆట అది.

అందులో ఒక పాడు కట్టుబాటు ఉండేది. దీపాలకు నూనె పోసిన ఇంటికే అర్జునుడి వేషం. ఆ ఏడు నూనె పోసింది పత్తి వ్యాపారం చేసే శెట్టిగారు, కాబట్టి కిరీటం ఆయన కొడుకు గోపాలుడికి పోయింది. చూడ్డానికి దొరబిడ్డే, పాట ఎత్తుకుంటే మాత్రం చెవులు మూసుకోవాల్సిందే. నాన్న నేస్తుంటే మగ్గం పక్కన కూర్చుని పాడీ పాడీ అర్జునుడి పాటలన్నీ నేను నోటికి పట్టేశాను. ఆట నేర్పే నాగప్ప మేష్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"మేళగాళ్ల ఎనక కూసోని నువ్వు పాడు. వాడు పెదాలాడిస్తాడు."

"మరి నాకు కిరీటం, మేష్టరూ?"

"నూనె మీ నాయన పోసినాడా?"

ఆట రాత్రి మద్దెలాయన వీపు తప్ప నాకేమీ కనపడలేదు. నేను పాడాను, ఈలలు గోపాలుడికి పడ్డాయి. ఇంటికొచ్చాక అమ్మ విసుక్కుంది. "నీ యేసం యాడరా? కండ్లు కాయలు కాసినాయి." నాన్న, "గొంతు ఇన్నాం గదా, సాల్లే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏం చాలు? నా గొంతూ నా మొహమూ ఒక్కసారి కలిసి జనం ముందుకు రావాలి, అంతే నేను కోరింది. మీసాలు రాగానే ఆదోనిలో మద్రాసు రైలెక్కాను.

మద్రాసులో మొహం కనపడింది. గుమస్తా, మేనమామ, హెడ్ కానిస్టేబులు, లెక్కలేనన్ని వేషాలు. గొంతే పోయింది. "ఆ యాస జనానికి ఎక్కదండీ" అని నా మాటలు గోదావరి వైపు నుంచి వచ్చిన ఒకాయన చేత చెప్పించారు. తెర మీద నా నోట్లోంచి ఆయన గొంతు రావడం మొదటిసారి విన్నప్పుడు కుర్చీ విరగ్గొట్టాలనిపించింది. తర్వాత ప్రతి సినిమాలోనూ అదే తంతు, ఇప్పుడు సీరియళ్లలోనూ అదే. నా మాటలు నన్నే చెప్పనివ్వమని అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది.

మొన్న మా ఊళ్లో సన్మానమంటే ఎగిరి గంతేసి పోయాను. రంగం కట్టే జాగాలో ఫోన్ల దుకాణాలు లేచాయి. మగ్గాలు మూలపడ్డాయి, అర్దళమంటే ఏమిటని నన్నే అడిగారు. వేదికెక్కగానే బాగా ఆడిన నా సినిమాలోని మాటొకటి చెప్పమన్నారు. ఇన్నేళ్లకు నా మొహం, నా గొంతు, మా జనం. గుండెల నిండా గాలి పీల్చి, మా ఊరి యాసలోనే చెప్పాను.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో ఒక ముసలాయన పక్కవాడి వైపు వంగి, నాకు వినపడేంత గట్టిగానే అన్నాడు.

"ఈయప్ప గాదప్పా. ఆయప్ప గొంతు యేరే."