అక్క బండికి ఐసు నీళ్ళు

మా అక్క చేపలమ్ముతుంది. పాలకాయతిప్ప రేవులో పొద్దున్నే సరుకు ఎత్తుకుని కోడూరు వీధులన్నీ తిరుగుతుంది. గంప మోసీ మోసీ మోకాళ్ళు అరిగిపోయాయి. "ఇంక గంప ఎత్తావంటే మంచం ఎక్కుతావు. విశ్రాంతి తీసుకో," అని బందరు డాక్టరు కసిరాడు. విశ్రాంతా, మా అక్కా! వ్యాపారం మానేస్తే బెంగతోనే పోతుంది. నాకున్నది కోడూరులో వెల్డింగు షాపు. పాత రిక్షా ఒకటి తెచ్చి, గుడివాడ తుక్కు దుకాణంలో దొరికిన కరెంటు స్కూటరు మోటారూ, బందరులో కట్టించిన లిథియం బ్యాటరీ బిగించి ఇచ్చాను. అక్క దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, నా బుగ్గలు పుణికింది.

నెల తిరక్కుండానే ఫోను. "ఒరే తమ్ముడూ, బండి కదలట్లేదురా. ఎండకి చేపలు మెత్తబడిపోతున్నాయి, బేగి రా!"

పరిగెత్తుకెళ్ళి రోడ్డు పక్కనే మోటారు విప్పాను. లోపలంతా తుప్పు, ఉప్పు పేరుకుపోయి ఉంది. చేప పొలుసు కూడా కనపడింది!

"ఏం పోశావక్కా దీంట్లో?"

"ఐసు పెట్టెలో కరిగిన నీళ్ళు. ముట్టుకుంటే కాలిపోతోందిరా. పాపం, అంత బరువు లాగుతోంది కదా అని రోజూ పోస్తున్నా."

బ్యాటరీ చూద్దును కదా, దాని చుట్టూ తడి గోనెసంచి.

"ఇదేంటి?"

"చల్లగా ఉంటేనే కదా సరుకు చెడందీ?"

"ఇది చేపా?" ఒంటికాలి మీద లేచాను. సంచి లాగేసి చూస్తే బ్యాటరీ కాలిపోతోంది. "దీన్ని ఇంటికి రాగానే, ఇంత వేడి మీదే చార్జింగు పెట్టేస్తున్నావా?"

"గేదె ఇంటికొస్తే కుడితి పెట్టమూ?"

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. రోడ్డు మీద నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా అరిచాను. అక్క పైట కొంగు చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుని, బండిలోని చేపలు గంపలోకి ఎత్తడం మొదలుపెట్టింది. వంగినప్పుడు మోకాలు పట్టుకుంది. నా కోపమంతా ఎటు పోయిందో! గంప లాక్కుని, ఆ పూట వీధివీధీ నేనే తిరిగి అమ్మాను. బేరాలు మాత్రం అక్కే ఆడింది, నాకు చేతకాలేదు.

మోటారు కడిగి ఆరబెట్టి, బేరింగులు మార్చాను. ఐసు పెట్టెకి దూరంగా, గాలి తగిలే చోట బిగించి, పైన రేకు కప్పాను. ఇంక చార్జింగు మా షాపు నీడలోనే అన్నాను. సరుకు అమ్ముడయ్యాక బండి ఆపాలి, గోనెసంచీ నీళ్ళూ ఏమీ పెట్టకూడదు, బ్యాటరీ దానంతటదే చల్లబడాలి, ఆ తర్వాతే ప్లగ్గు.

"అందాకా నేనేం చెయ్యను?"

"కూర్చో."

డాక్టరు మాట వినని మనిషి బ్యాటరీ కోసం విన్నది. ఇప్పుడు రోజూ మా షాపులో బల్ల మీద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటుంది. నేను టీ ఇస్తే వంకలు పెడుతూనే తాగుతుంది. ఒక్కోరోజు అలాగే గోడకి చేరబడి కునుకు తీస్తుంది. పుట్టి బుద్ధెరిగాక పగటిపూట మా అక్క కూర్చోగా చూడటం నాకు ఇదే మొదటిసారి.

మొన్న కునుకులోంచి ఉలిక్కిపడి లేచి, "చల్లబడిందేమో చూడరా, ప్లగ్గు పెట్టేద్దాం," అంది.

బ్యాటరీ మీద చెయ్యి వేసి చూశాను. ఎప్పుడో చల్లబడింది.

"ఇంకా వేడిగానే ఉందక్కా. పడుకో," అన్నాను.