మూడు కాల్స్, నాలుగు షామియానాలు

మల్కాజిగిరిలో ఒక చిన్న పెళ్లికి, రెండు వందల మంది అతిథులకు, ఒకే పొద్దున ఎనిమిది వందల కుర్చీలు, నాలుగు షామియానాలు దింపించిన ఘనుణ్ని నేను. అదే పొద్దున మరో మూడు పెళ్లిళ్లకు ఆకాశమే షామియానా అయింది. ఇదంతా నేను చెయ్యి కదపకుండా జరిగింది. చెయ్యి కదపనక్కర్లేకపోవడమే నా ప్రతిభ అని అప్పటికి రెండు నెలలుగా చెప్పుకు తిరుగుతున్నాను. నవ్వుకోండి, పర్లేదు. అసలు నవ్వవలసిన చోటు ఇంకా ముందుంది.

సికింద్రాబాదులో సందుసందుకూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. శ్రీకాకుళం నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది. డిగ్రీ, రెండు కోర్సుల సర్టిఫికెట్లు చంకన పెట్టుకుని ఏడాదిపాటు ఖాళీగా తిరిగాను. ఇరానీ హోటల్లో రోజూ నా ఎదురుగా కూర్చునే మొయినుద్దీన్ భాయ్, నా పేపరు ఎప్పుడూ ఉద్యోగాల పేజీ దగ్గరే మడతపడి ఉండటం గమనించి, ఒకరోజు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తను పనిచేసే టెంట్ హౌస్‌లో పెట్టించాడు.

ఆ టెంట్ హౌస్‌కు నాలుగు కొట్లు. పెద్దది మోండా మార్కెట్ వెనక. మిగతావి లాలాగూడ, అల్వాల్, ఏ.ఎస్. రావు నగర్. ఎక్కడ ఎన్ని కుర్చీలున్నాయి, ఏ బండి ఎటు పోయింది, ఏ గుండిగకు చిల్లు పడింది, అన్నీ భాయ్ తలలోనే ఉండేవి. పెద్ద కొట్లో ఫోన్ దగ్గర కూర్చుని నాలుగింటినీ నడిపేవాడు. ఏ కొట్టయినా ఫోన్ ఎత్తకపోతే లూనా తీసి వెళ్లి చూసొచ్చేవాడు. మధ్యాహ్నం తన డబ్బాలో సగం నాకు పెట్టేవాడు. సగం అన్నది ఆయన లెక్క, నాకు ఎక్కువే వచ్చేది.

మా యజమాని సేటు నర్సింగరావు గారు నాలుగు కొట్లకూ నాలుగు కంప్యూటర్లు కొన్నారు. మనిషి లేకుండా తమంతట తామే నడిచే యంత్రాల గురించి ఎక్కడో చదివి ఉన్నాను కదా, రెచ్చిపోయి ఒక ప్రోగ్రాం రాశాను. నాలుగు యంత్రాల్లోనూ అన్ని ఆర్డర్లూ ఉంటాయి. పది నిమిషాలకోసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఏదైనా మూడుసార్లు పలకకపోతే అది చచ్చినట్టు లెక్క. బతికున్నవి దాని పని పంచుకుంటాయి. అప్పట్లో యంత్రాలు మాట్లాడుకోవాలన్నా మనుషులు మాట్లాడుకునే ఫోన్ లైనే దిక్కు. అయినా ఆషాఢమంతా పరీక్షించి చూశాను. ఒక్క తప్పు లేదు.

భాయ్‌కి గర్వంగా వివరించాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"మూడుసార్లకే సచ్చిపోయిండని రాసుకుంటవా సూరీ? నాలుగోసారి కొట్టి చూస్తే ఏం పోతది?"

"రూల్ అంటే రూల్ భాయ్. ఎక్కడో ఒకచోట ఆపాలి కదా."

"మనిషి పని మీద ఉండొచ్చు. నమాజ్‌ల ఉండొచ్చు. ఎత్తకుంటే సచ్చినట్టేనా?"

చదువుకోనివాళ్లతో వాదన దేనికని చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నాకే దురద పెడుతుంది. అంతటితో ఆగానా? జీతం పెంచమని సేటుకు ఇచ్చిన కాగితంలో, చక్కటి దస్తూరీతో, "ఇకపై ఫోన్ దగ్గర మనిషి అవసరం ఉండదు" అని రాశాను. ఆ మనిషి ఎవరో రాయలేదు. రాయకపోతే తప్పు కాదనుకున్నాను.

శ్రావణం వచ్చింది. మొదటి ముహూర్తం రోజు. మీరు ఇప్పటికే పసిగట్టి ఉంటారు. నేనొక్కణ్నే పసిగట్టలేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. పెళ్లిళ్లు లేనప్పుడు టెంట్ హౌస్‌కు ఫోన్ చేసేవాడు ఉండడు. నా యంత్రాలు ఆ నెలంతా ఖాళీ లైన్ల మీద హాయిగా కబుర్లు చెప్పుకున్నాయి. శ్రావణం మొదటి పొద్దున పెళ్లివారంతా ఒకేసారి నాలుగు కొట్లకూ ఫోన్లు మొదలుపెట్టారు. లాలాగూడ యంత్రం అల్వాల్‌ను మూడుసార్లు పిలిచింది, ఎంగేజ్. పాపం అల్వాల్ పోయిందనుకుంది. అల్వాల్ కూడా లాలాగూడ గురించి అలాగే అనుకుంది. గంట తిరిగేసరికి నాలుగూ నిక్షేపంగా బతికే ఉండి, మిగతా మూడూ చచ్చిపోయాయనీ, ఇక లోకభారమంతా తన మీదే పడిందనీ ఎవరికి వారు నిర్ణయించుకున్నాయి. నాలుగింటి జాబితాలోనూ మొదటి ఆర్డరు ఒకటే, మల్కాజిగిరి పెళ్లి. తెర చెప్పినట్టే నాలుగు కొట్ల నుంచీ నాలుగు బండ్లు అక్కడికే బయలుదేరాయి.

పెళ్లికూతురి తండ్రి సేటుకు ఫోన్ చేసి, తనకు పెళ్లి కావలసిన కూతురు ఒక్కతేనని మర్యాదగా చెప్పాడట.

సేటు నన్ను చూశారు. నేను తెరను చూశాను. తెరమీద "అంతా సవ్యంగా ఉంది" అని ఉంది. ఆ వాక్యం రాసింది నేనే.

భాయ్ లూనా తీశాడు. మల్కాజిగిరి వెళ్లి మూడు బండ్లను మిగతా మూడు పెళ్లిళ్లకు మళ్లించాడు. ఆఖరి దాని వెంట తనూ వెళ్లి, వానలో నిలబడి గుంజలు పట్టుకున్నాడు. తడిసి తిరిగొచ్చేసరికి సేటు నా కాగితం చేతబట్టుకుని ఉన్నారు.

"ఫోన్ కాడ మనిషి అక్కర లేదని రాసినవ్ గదా సూరిబాబూ. గీ మనిషి లేకుంటే ఇయ్యాల నా ఇజ్జత్ ఏమయ్యేది?"

భాయ్ కాగితం అందుకుని చదివాడు. తడి చేతులకు సిరా అంటింది. నాలుగు మడతలు పెట్టి నా జేబులో పెట్టాడు. ముహూర్తాలు అయిపోయేదాకా పనిచేసి మానేశాడు. సేటు ఎంత బతిమాలినా ఆగలేదు. లాలాగూడలో కొడుకు సైకిల్ షాపులో కూర్చుంటున్నాడని తర్వాత తెలిసింది. నేను ఒక్క మాట చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

ఇప్పుడు పెద్ద కంపెనీలో వేల యంత్రాల మంద కాస్తున్నాను. తమకు తామే జబ్బు కనిపెట్టుకుంటాయి, మందు వేసుకుంటాయి, బరువు పంచుకుంటాయి. కానీ పలకని యంత్రం చచ్చిందా, మధ్యలో దారి తెగిందా అన్న అనుమానం మాత్రం అలాగే ఉంది. రేపు ఇంకెంత తెలివైనవి వచ్చినా ముందు దీనికే జవాబు చెప్పాలి. మీటింగుల్లో ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు ఇరానీ చాయ్ వాసన వస్తుంది, ఎదుటి కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది.

టెంట్ హౌస్ డ్రైవర్ దగ్గర భాయ్ నంబరు సంపాదించి ఏటా రంజాన్ పండగనాడు ఫోన్ చేసేవాణ్ని. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ మోగేది, ఎత్తేవాడు కాదు. కోపం పోలేదు కాబోలు, లేదా... ఆ రెండోది అనుకోలేక ఫోన్ పక్కన పెట్టేసేవాణ్ని. ఇలా చాలా ఏళ్లు. పోయిన పండక్కి మూడో కాల్ అయ్యాక ఎందుకో బండి తీశాను.

సైకిల్ షాపు ముందు స్టూలు మీద, తెల్లబడ్డ గడ్డంతో ఆయనే.

"వచ్చినవా సూరీ."

"ఫోన్ ఎత్తరేంటి భాయ్? నేనని మీకు తెలీదు గావాల?"

"ఎందుకు తెల్వదు? పండుగ పండుగకు సరింగ మూడుసార్లు కొట్టి ఆపేటోడు దునియాల నువ్వొక్కనివే. నాలుగోసారి కొడితే ఎత్తుదమని చూస్తున్న."

"ఎన్నేళ్ల నుంచి?"

"ఫోన్ కొన్నప్పటి సంది."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు కొట్టు."

ఎదురుగా కూర్చుని కొట్టాను. మూడుసార్లు మోగనిచ్చి మూడుసార్లూ కట్ చేశాడు. నాలుగోసారి ఎత్తి, రోడ్డు వైపు చూస్తూ, "హలో, ఎవరు?" అన్నాడు.

"నేను భాయ్, సూరిని. ఆ రోజు ఆ కాగితం రాయడం తప్పయిపోయింది."

"లైన్ సాఫ్ లేదు," అన్నాడాయన. "జెర గట్టిగ చెప్పు."

వీధంతా వినేలా చెప్పాను.

కాబట్టి, నాలుగు షామియానాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పలకనివాళ్లను చచ్చినవాళ్ల జాబితాలో ఇక రాయను. నాలుగోసారి కొడతాను. అప్పటికీ ఎత్తకపోతే బండి తీస్తాను. మాట తప్పితే శ్రావణం మొదటి ముహూర్తాన మల్కాజిగిరిలో ఎనిమిది వందల కుర్చీలూ నేనే మోసి, నేనే వేసి, నేనే మడతపెడతాను.